మూల్యం చెప్పువాడు సాక్షియే

ఆస్తికి విలువ కట్టడం గణితకార్యమని లోకం భావిస్తుంది. కొలతలు తీసికొని, పరిసరాల ధరలు విచారించి, చివర ఒక అంకె వేస్తే వృత్తిధర్మం నెరవేరిందనుకొంటారు. ధర్మదృష్టితో పరిశీలిస్తే అది సాక్ష్యకర్మ. వాల్యుయర్ అని మనం పిలిచే మూల్యాంకకుడు ఇతరుల పక్షాన తన కన్నులతో చూస్తాడు. రుణం మంజూరు చేసే అధికారి ఆ భూమిని చూడకపోవచ్చు. ఆ బ్యాంకులో పొదుపు దాచుకొన్న ఖాతాదారులు ఎన్నడూ చూడరు. వారందరికీ అతని నివేదికయే నేత్రం. కాబట్టి విలువ కట్టే వేళ అక్రమం ఉన్నదన్న అనుమానం కలిగితే అతడేమి చేయాలన్నది ఆ ఒక్క వృత్తికే పరిమితమైన ప్రశ్న కాదు. చూసినదాన్ని చెప్పవలసిన ప్రతివ్యక్తికీ అది వర్తిస్తుంది.

ఆస్తికులారా, ఈ ప్రశ్న మన దేవాలయాల గడప వరకు వచ్చినది. పూర్వులు ధూపదీపనైవేద్యాలకు, అర్చకసేవకు, మంగళవాద్యాలకు మాన్యాలు సమర్పించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 1987 నాటి దేవాదాయ చట్టం పరిధిలోని అట్టి భూములను చట్టబద్ధమైన అధికారం లేనివారు విక్రయిస్తే, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ ప్రకారం ఆ దస్తావేజు రిజిస్టరు కారాదు. జనవ్యవహారంలో ‘నిషేధిత జాబితా’ అన్నది ఈ సెక్షన్ వల్ల వచ్చినదే. అయినను అట్టి భూమినే సొంత పట్టాభూమిగా చూపి ఎవరో తనఖాకు తెచ్చారనుకొందాం. కాగితంలో తూర్పు సరిహద్దు రోడ్డు. నేలమీద చూస్తే కోనేటి గట్టు. దస్తావేజులోని కొలతకు సర్వే రాళ్లు సరిపడవు. పక్క చేనిలోని రైతు “ఇది స్వామివారి దీపారాధన మాన్యం కదండీ” అంటాడు. మూల్యాంకకుని మనస్సులో సంశయం అంకురించింది.

“హక్కుపత్రాల పరిశీలన న్యాయవాది పని, నా పని విలువ కట్టడమే” అన్నది సాధారణంగా వినవచ్చే సమాధానం. ఇందులో సగం సత్యముంది. హక్కు ఎవరిదో నిర్ణయించే అధికారం అతనికి లేదు. అయితే అమ్మరాని భూమికి విపణిలో విలువ ఎక్కడిది? ఎకరం ధరను ఎంత నైపుణ్యంతో లెక్కించినా, ఆ భూమి విక్రయయోగ్యమా అన్న సంశయాన్ని దాచిన క్షణమే ఆ అంకె అనృతమౌతుంది. అతని మౌనం అతని లెక్కనే చెరుపుతున్నది.

సభాపర్వంలో ద్రౌపది ప్రశ్నకు కురుసభ మౌనం వహించినప్పుడు విదురుడు ప్రహ్లాదుని వృత్తాంతం వినిపించాడు. విరోచన సుధన్వులు తమలో ఎవరు శ్రేష్ఠులని వాదించుకొని, ప్రాణాలు పణంగా ఒడ్డి, విరోచనుని తండ్రి అయిన ప్రహ్లాదుని ఆశ్రయించారు. ఆయన కశ్యపుని ధర్మమడిగాడు. తెలిసియు కామం వల్లనో, క్రోధం వల్లనో, భయం వల్లనో సమాధానం చెప్పనివాడు వరుణపాశాలకు బద్ధుడౌతాడనీ, నింద్యకర్మను నిందించని సభాసదులకు ఆ పాపంలో పాదభాగం సంక్రమిస్తుందనీ కశ్యపుడు బోధించాడు. ప్రహ్లాదుడు కన్నకొడుకుకు ప్రతికూలంగానే సత్యం పలికాడు. నేటి మూల్యాంకకునికి కామమంటే రుసుము, దాని వెంట రాబోయే మరికొన్ని పనులు. భయమంటే బ్యాంకు ప్యానెల్ నుండి తొలగింపు, స్థానిక బలవంతుని బెదిరింపు. ఇక క్రోధం అతనిచేత అవసరానికి మించి మాట్లాడిస్తుంది.

ఆ అతిభాషణమూ దోషమే. కర్ణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునునికి చెప్పిన కౌశికుని కథ ఇందుకు ప్రమాణం. సత్యవ్రతుడైన ఆ తపస్వి, దొంగలకు భయపడి వనంలో దాగినవారి జాడను ఆ దొంగలకే చెప్పి నరకం పొందాడు. సత్యం ఎవరికి, ఏ ప్రయోజనానికి చెబుతున్నామో వివేచించాలని దీని తాత్పర్యం. అనుమానం నిర్ణయం కాదు. కోనేటి గట్టుకు వేరే వివరణ ఉండవచ్చు, రైతు పొరబడి ఉండవచ్చు. ఊరి రచ్చబండ దగ్గర ఒక కుటుంబాన్ని దొంగలని ప్రకటించే హక్కు మూల్యాంకకునికి లేదు. 2017 నాటి రిజిస్టర్డ్ వాల్యుయర్ల ప్రవర్తనా నియమావళి కూడా గోప్యతను విధిస్తూ, చట్టపరమైన లేదా వృత్తిపరమైన బాధ్యత ఉన్నచోట వెల్లడిని అనుమతించింది.

కనుక నా అభిప్రాయమిది. చూసినదాన్ని చూసినట్లుగా, విన్నదాన్ని విన్నట్లుగా, అనుమానాన్ని అనుమానంగానే నివేదికలో లిఖించాలి. ఛాయాచిత్రాలు, కొలతలు, తేదీ జతపరచాలి. పని అప్పగించిన బ్యాంకుకు ఆ విషయం రుణం మంజూరు కాకముందే చేరాలి. దేవాదాయ శాఖ రికార్డుతో సరిచూడమని అందులోనే సూచించాలి. “ఆ వాక్యం తీసివేయండి” అని ఒత్తిడి వస్తే రుసుమును వదలి పని నుండి విరమించాలి, తన వ్రాతప్రతిని మాత్రం భద్రపరచుకోవాలి. న్యాయస్థానం గాని, విచారణాధికారి గాని అడిగితే దాపరికం లేక చెప్పాలి. హత్య, దోపిడీ వంటి ఘోర నేరాల జాడ తెలిస్తే ఎవరూ అడగకపోయినా తెలియజేయడం చట్టం ప్రతి పౌరునిపై మోపిన విధి.

ఇహలోక దండనమూ లేకపోలేదు. మోసంలో పాత్ర ఉన్నదని తేలిన మూల్యాంకకుల పేర్లను బ్యాంకులు తమ సంఘానికి తెలియజేయాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇతర బ్యాంకులకూ హెచ్చరికగా చేరతాయి. అయితే దండనభయంతో పలికిన సత్యం ఆ భయం ఉన్నంతవరకే నిలుస్తుంది.

ఈ భారమంతా ఒక్కని భుజాలపై వేసి మనం తప్పుకోరాదు. ఉన్నదున్నట్లు వ్రాసినందుకు పని కోల్పోయే మూల్యాంకకుడు మరుసటిసారి ఏమి వ్రాస్తాడో ఊహించడం కష్టం కాదు. బ్యాంకులలో పనిచేసే భక్తులు అసౌకర్యమైన నివేదిక వచ్చినప్పుడు దాన్ని వ్రాసినవానిని కాపాడితే, అది స్వామికి చేసిన కైంకర్యమే. మాన్యం పోయిన గుడిలో దీపం కొండెక్కినప్పుడు అపహరించినవానిని నిందిస్తాము. ఆ భూమికి విలువ కట్టినవాడు, ఆ విలువను ఆమోదించినవాడు, తెలిసి ఊరకున్నవాడు కూడా ఆ చీకటిలో భాగస్వాములే.

స్వస్తి.