అవార్డు సరే, జీతమేదీ?

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. కొద్ది వారాల్లోనే పాతబస్తీ గల్లీల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎవరికి జ్వరముందో, ఎవరికి దగ్గుందో అడిగి రాసుకోసాగారు. కొన్ని తలుపులు తెరుచుకోలేదు. అది మూర్ఖత్వమని చాలామంది తేల్చేశారు. మనం అంత తేలిగ్గా తేల్చేయలేం. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పేర్లూ, కాగితాలూ అడిగేవాళ్లంటేనే భయపడే రోజులవి. పైగా ఢిల్లీ మర్కజ్ పేరు చెప్పి ముస్లింలందరినీ రోగం మోసుకొచ్చినవాళ్లుగా చిత్రించారు. దోషులుగా నిలబెట్టి, సహకరించమంటే ఎవరు నమ్ముతారు?

ఆ అపనమ్మకాన్ని గడప దగ్గర ఎదుర్కొన్నది అధికారులు కాదు, ఆశాలు. తిట్లు తిని, మర్నాడు మళ్లీ అదే తలుపు తట్టిందీ వాళ్లే. దేశంలో పది లక్షలకు పైగా ఉన్న ఈ స్త్రీలు ప్రభుత్వం లెక్కలో కార్మికులు కారు, స్వచ్ఛంద సేవకులు! 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు అవార్డు ఇచ్చింది. 2023లో తెలంగాణ ఆశాలు నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం కోసం సమ్మెకు దిగాల్సి వచ్చింది. సేవ అని పేరు పెట్టి ఆడవాళ్ల శ్రమను చవగ్గా వాడుకోవడం మనకు కొత్త కాదు.

ఇంటి లోపలా ఇదే తీరు. కుళాయి రోజూ రాని బస్తీల్లో నీళ్లు డ్రముల్లో పట్టిపెట్టుకోక తప్పదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలా నిలవున్న నీళ్లలోనే. తప్పు ఇల్లాలి అజాగ్రత్తదంటారు గానీ, రాని కుళాయిని ఎవరూ ఏమీ అనరు.

2025 మే 20న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారులపై ఒప్పందాన్ని ఆమోదించింది. మన నగరం పక్కనున్న జీనోమ్ వ్యాలీలోనే కోవాక్సిన్ తయారైంది. ఒప్పందాలూ కావాలి, టీకాలూ కావాలి. కానీ నిపా అయినా, మరో కొత్త వైరస్ అయినా, మొదటి జ్వరం కనబడేది ఏదో ఒక ఇంట్లోనే. అక్కడికి నమ్మకంగా వెళ్లగలిగే మనిషి లేకపోతే ఎంత సన్నద్ధతైనా కాగితాల మీదే మిగిలిపోతుంది.

అందుకే ఆశాలను కార్మికులుగా గుర్తించి వేతనం, రక్షణ కల్పించాలి. ఆరోగ్య సర్వేలో చెప్పిన వివరాలు వైద్యానికి తప్ప మరి దేనికీ వాడబోమని ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. బస్తీలకు రోజూ నీళ్లివ్వాలి. ఈ డిమాండ్లను వచ్చే మహమ్మారి దాకా వాయిదా వేయనివ్వకూడదు.