గృహకళలు: పేరు వ్రాయు విద్య

బడికి పోవు పిల్లలు గల యిండ్లలో నోటుపుస్తకముల వెనుక అట్టలను ఒకమారు త్రిప్పి చూడుడు. పొంగిన పూరీలవలె లావుగా నుండి, ఒకదానిపై నొకటి ఒరగి, క్రింద నీడ గట్టిన అక్షరములతో పిల్లలు తమ పేరును పలుమారులు వ్రాసికొని యుందురు. ఈ తీరు వ్రాతను గ్రాఫిటీ అందురు. తల్లులలో అనేకులు దీనిని చూచి, చదువు మాని పిచ్చిగీతలు గీయుచున్నారని కోపగింతురు. కొందరు గోడలు పాడగునను భయముతో మార్కరు పెన్నులనే దాచివేయుదురు. గోడను గూర్చిన భయము న్యాయమైనదే. అక్షరమును గూర్చిన కోపము మాత్రము న్యాయమైనది కాదు. ఈ రెండింటికి గల భేదమును తెలిపి, అట్టి అక్షరములను కాగితముపై క్రమముగా వ్రాయు విధానమును చెప్పుటయే ఈ నెల మన యుద్దేశము.

ఈ వ్రాత పెరిగినది అమెరికా దేశమున. 1953లో సిడ్నీ రోసెంథాల్ అనునాతడు చిన్న సీసాలో చెరగని సిరా నింపి, దాని మూతికి ఉన్నివత్తి నమర్చి, ‘మ్యాజిక్ మార్కరు’ అను పేర అమ్మకమునకు తెచ్చెను. అట్టి సాధనము చేతికి సులభముగా దొరకుటతో, 1960వ దశాబ్దము చివర ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరముల బాలురు తమ మారుపేరులను గోడలపై వ్రాయసాగిరి. న్యూయార్కులో 183వ వీధికి చెందిన గ్రీకు కుటుంబపు యువకుడొకడు, పొట్లములు చేరవేయు పనిమీద ఊరంతయు తిరుగుచు, పోయిన చోటనెల్ల ‘టాకి 183’ అని వ్రాసెను. 1971 జూలై 21వ తేదీన న్యూయార్కు టైమ్సు పత్రిక ఆతనిని గూర్చి ప్రకటించుటతో అనుకరించువారు మిక్కిలి హెచ్చిరి.

అందరును వ్రాయునప్పుడు తన వ్రాత పదుగురిలో వేరుగా కనబడుటెట్లు? ఈ చింతవలననే అక్షరములు లావెక్కినవి, రంగులు ధరించినవి, నీడలు తొడిగినవి. బ్రాంక్సు పేటకు చెందిన ‘ఫేజ్ 2’ అను చిత్రకారుడు 1970వ దశాబ్దారంభమున బుడగవలె ఉబ్బిన అక్షరమును రూపొందించి ప్రసిద్ధుడయ్యెను. నేడు మన పిల్లలు అట్టలపై వ్రాయునది ఆ బుడగ అక్షరమే.

ఈ కళయందు బాలికలును వెనుకబడలేదు. దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు దేశమున 1964లో జన్మించి న్యూయార్కులో పెరిగిన ‘లేడీ పింక్’ 1979లో, చదువుకొను వయస్సుననే, ఈ వ్రాతకు పూనుకొనెను. ఇది మగపిల్లల పని యను మాటను ఆమె లక్ష్యపెట్టలేదు. రాత్రివేళ రైళ్లు నిలుపు ఆవరణములకు పోయి పెట్టెలపై తన పేరు వ్రాసెను. 1983లో వెలువడిన ‘వైల్డ్ స్టైల్’ అను చలనచిత్రమున నటించెను. తరువాత గోడల యజమానుల సమ్మతితోనే గొప్ప కుడ్యచిత్రములను రచించి కీర్తి గాంచెను.

ఇంత చెప్పి, దాని రెండవ ముఖమును దాచుట ధర్మము కాదు. న్యూయార్కు భూగర్భ రైళ్ల పెట్టెలు లోపల వెలుపల వ్రాతలతో నిండిపోయెను. కిటికీలలోనుండి స్టేషను పేరు కూడ కనరానట్లు సిరా పూసియుండెను. ఒకరు రాత్రి వ్రాసిన దానిని మరియొకరు పగలెల్ల కడుగవలసివచ్చెను. నగరము అనేక సంవత్సరములు పాటుపడి, తుదకు 1989 మే 12వ తేదీన వ్రాతగల కడపటి రైలును తీసివేసెను. పట్టాలపై ప్రాణాపాయమునకు లోనైన పిల్లలును కలరు. కావున అక్షరము అందమైనదైనను, చోటు పరులదైనచో అది అపరాధమే.

ఇందులో మనకు పనికివచ్చు నీతి యేమి? గోడపై పేరు వ్రాయు పిల్లవాని మనస్సులో నున్నది ‘నేనును ఉన్నాను, నన్ను చూడుడు’ అను కోరిక. ఆ కోరికను దండించిన లాభము లేదు. దానికి తగిన చోటు చూపవలెను. మన స్త్రీలకు ముగ్గు అట్టి చోటుగా నున్నది. తన వాకిట, తన పిండితో, చుక్కల లెక్క తప్పక తీర్చిన ముగ్గును వీధి యంతయు చూచును. ఎవరికిని నష్టము లేదు. మరునాడు కల్లాపితో పోవును. కాని ముగ్గు క్రింద ఏ యిల్లాలును తన పేరు వ్రాయదు. ఫలానా వారి కోడలు, ఫలానా వాని తల్లి యను పిలుపులలో ఆమె పేరు రేషను కార్డుపైనను, బ్యాంకు పుస్తకముపైనను మాత్రమే మిగులును. కావున ఈ విద్యను పిల్లలతో పాటు తల్లులును నేర్చినచో, పేరును శ్రద్ధతో వ్రాసికొనుటలోని సంతోషమును తామును పొందగలరు.

ఇక విధానము. దళసరి తెల్లకాగితము, పెన్సిలు, రబ్బరు, లేత ముదురు రంగుల మార్కరులు నాలుగైదు, సన్నని మొనగల నల్ల మార్కరు ఒకటి చాలును. ‘కమల’ అను పేరును ఉదాహరణముగా గైకొందము.

మొదట పెన్సిలుతో, ఒత్తక, ఒంటిగీతతో అక్షరములను వ్రాయవలెను. ఇది అక్షరపు ఎముక. రెండింటి నడుమ బొటనవ్రేలు పట్టునంత ఎడము విడువుడు. పిమ్మట ఆ గీతకు ఇరుప్రక్కల సమానమైన దూరమున మరల గీత నడుపవలెను. ఇది అక్షరపు ఒడలు. బుడగ అక్షరమునకు మూలలుండవు. తిరిగిన చోటనెల్ల గుండ్రముగా తిరుగవలెను. మన తెలుగు లిపి స్వభావముచేతనే గుండ్రనిది గావున ఇది మనకు సులభము. తరువాత ‘క’ ముందును, ‘మ’ దాని వెనుకను, ‘ల’ ఆ వెనుకను ఉన్నట్లు ఒకదాని అంచును మరియొకదాని చాటున కొంచెము దాచి, మరుగుపడిన గీతలను, లోపలి ఎముకగీతలను చెరిపివేయవలెను.

ఇచ్చట తెలుగునకు మాత్రమే గల చిక్కులు కొన్ని కలవు. అక్షరము లావెక్కినకొలది లోపలి సందులు పూడిపోవును. సందే అక్షరమునకు ప్రాణము. ‘ప’ యొక్క తలకట్టు క్రింది సందు మూసికొనిపోయినచో అది ‘వ’ యో ‘ప’ యో తెలియదు. ‘ధ’ అడుగుననున్న చిన్నగీత మాయమైనచో ‘ద’ యగును. ‘థ’ నడిమి చుక్కను మరువరాదు. ‘క’, ‘మ’లకు తలకట్టు గలదు, దానిని ఆకువలెనో మామిడిపిందెవలెనో ముచ్చటగా తీర్చవచ్చును. ‘ల’కు తలకట్టు లేదు, సొగసునకై లేనిదానిని తగిలింపరాదు. ‘లక్ష్మి’ వంటి పేరు వ్రాయునప్పుడు క్రింది వత్తులకు ముందుగానే చోటు విడిచి పెట్టవలెను. ఎన్ని సొగసులు చేసినను, ఎరుగనివారు తడవుకొనక చదువగలుగుటే పరీక్ష.

రంగువేయునప్పుడు లేతది ముందు, ముదురుది వెనుక. అక్షరమంతయు పసుపురంగు పూసి, తడి ఆరకమునుపే నడుమనుండి క్రిందికి నారింజరంగును, అడుగున ఎరుపును వేసినచో ఒకటి మరియొకదానిలో కలిసిపోవును. లేతరంగు పెన్నునకు ముదురురంగు అంటినచో దాని మొనను చిత్తుకాగితముపై రుద్ది శుభ్రపరుపుడు. వెలుగు పైన ఎడమనుండి పడుచున్నదని తలంచి, ప్రతి అక్షరమునకు పై యెడమ అంచున బియ్యపుగింజంత తెల్లని చోటు ఆదినుండియు విడువవలెను. నీడ క్రింద కుడిప్రక్కకు రావలెను. అంచులనుండి ఒకే వాలున, ఒకే పొడవున చిన్నగీతలు గీసి, వాని కొనలను కలిపి, ఆ నడిమి భాగమును ముదురురంగుతో నింపుడు. ఒక అక్షరపు నీడ కుడికిని, మరియొకదాని నీడ ఎడమకును పోయినచో చూచువారి కన్ను ఒప్పుకొనదు. రంగులన్నియు బాగుగ ఆరిన పిదపనే నల్లని అంచు గీయవలెను. తొందరపడినచో నలుపు చెదరి శ్రమ యంతయు వ్యర్థమగును.

కొన్ని జాగ్రత్తలు. చెరగని మార్కరులలో పెక్కింటి సిరా స్పిరిటుతో కలిపినది. ఘాటు వాసన గలది, త్వరగా అంటుకొనునది. కావున కిటికీ తెరచి, పొయ్యికిని దీపమునకును దూరముగా కూర్చుండి వ్రాయవలెను. చిన్నపిల్లలకు నీటి సిరాగల స్కెచ్ పెన్నులే మేలు. సిరా కాగితము నంటి క్రిందికి దిగును. అడుగున పాత వార్తాపత్రిక మడిచి పరువుడు. వాడని పెన్నునకు మూత బిగించి అడ్డముగా పరుండబెట్టినచో మొన ఎండదు. స్టీలు గిన్నెపైగాని నున్నని పలకరాతిపైగాని మరక పడినచో దూదికి స్పిరిటు తడిపి తుడిచిన పోవును. సున్నపు గోడపై పడినది మాత్రము అంత సులభముగా పోదు. పైన సున్నము వేసినను మరల పైకి తేలును.

నేర్చిన పిల్లలకు పని కల్పించుడు. పుట్టినరోజు పిలుపులు, పుస్తకముల అట్టలు, పప్పుడబ్బాల చీటీలు, గుడ్డసంచులు, తమ గది తలుపునకు తగిలించు పేరుపలక, ఇవి యన్నియు న్యాయమైన చోటులే. గోలకొండ మొదలగు ప్రాచీన కట్టడములకు తీసికొనిపోవునప్పుడు, అచ్చట గోడలపై గీకిన పేరులను చూపి, అది తగదని స్పష్టముగా చెప్పుడు. రక్షిత కట్టడమును పాడుచేసినవారికి, 2010లో సవరించిన కేంద్ర చట్టము ప్రకారము, రెండేండ్ల వరకు చెరసాలయో, లక్షరూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. శిక్ష మాట అటుండ, నాలుగు వందల యేండ్లనాటి రాతిని చెక్కిన శిల్పి తన పేరు వ్రాసికొనలేదు. దానిపై మన పేరు వ్రాయ మనకేమి హక్కు గలదు?

ఈ ఆదివారము మధ్యాహ్నము పనులు తీరిన పిదప పిల్లలను చేరదీసి, తలకొక కాగితము పంచుడు. మీరును ఒకటి గైకొనుడు. దానిపై పిల్లల పేరు గాని, ఇంటిపేరు గాని కాక, మీ పేరునే వ్రాయుడు.