చిన్న భుజములపై పెద్ద మూట



చక్రాయపేట ప్రాంతమునుండి యొక తల్లి వ్రాసిన యుత్తరము ఈ మాసము నా ముందున్నది. ఆమె కుమార్తెకు పదునాఱవ యేడు. పాఠశాలలో బాస్కెట్‌బాల్ జట్టునకు నాయకురాలు. ఆటలో అందఱికంటె మిన్న. మొన్న జరిగిన పోటీలో ఆ జట్టు ఓడిపోయినది. "నాయకురాలవై యుండియు గెలిపింపలేకపోతివి" అని కొందఱు, "బంతి తన చేతనే యుండవలెననును, తోడివారిని కానదు" అని మఱికొందఱు ఆ బాలికను నిందించిరట. పిల్ల సరిగా అన్నము తినుట లేదు. ఇంటి పెద్దలు "ఆడుపిల్లకు ఈ యాటలేల? మాన్పింపుము" అనుచున్నారు. "గద్దింతునా, ఓదార్తునా, మాన్పింతునా?" అని ఆ తల్లి యడుగుచున్నది.

ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. ఇప్పుడు మన బాలికలు ఆటలనే వృత్తిగా స్వీకరించుచున్నారు. ఇరువదియేండ్లు నిండకమునుపే పేరును ధనమును వారిని వెదకికొని వచ్చుచున్నవి. వానితోడనే "నీవే జట్టును నడపవలెను" అను మాటయు వచ్చుచున్నది. ఇందు మనము రెండు సంగతులను కలిపివేయుచున్నాము. ఒకటి యత్నము, రెండవది నాయకత్వము. యత్నమును పిల్లనుండి మొదటిదినముననే కోరవచ్చును. నాయకత్వమట్లు కాదు, అది కాలక్రమమున పండవలసినది. పండకమునుపే కోసి, పులుపని నిందించుట పెద్దలకు తగదు.

ముందు యత్నమును గుఱించి చెప్పెదను. బాస్కెట్‌బాల్‌ను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు కల్పించెను. మఱుసటి సంవత్సరమే సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయిని స్మిత్ కళాశాలలోని విద్యార్థినులకు దానిని నేర్పెను. అయితే స్త్రీలు అలసిపోదురను వెఱపుచేత ఆమె ఆటస్థలమును మూడు భాగములుగా విభజించి, ఎవరి భాగమును వారు దాటరాదనియు, ఎదుటివారి చేతిలోని బంతిని లాగుకొనరాదనియు నియమములు చేసెను. ఆమె ఉద్దేశము మంచిదే. ఆ నియమములవలననే ఎందఱో తల్లులు తమ బిడ్డలను ఆటకు పంపగలిగిరి. కాని ఆడుదాని శక్తికి గీత గీయు నలవాటు తొలగిపోవుటకు చాల కాలము పట్టినది.

నేడు ఆ గీతలు లేవు. ఇరువదియెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు గల స్థలమంతయు ఐదుగురు బాలికలదే. బంతి ఎదుటివారి చేతికి పోయినతోడనే ఐదుగురును వెనుకకు పరుగెత్తవలెను. ఒక్కతె నిలిచిపోయినచో నలుగురే మిగులుదురు. ఈ పరుగును పత్రికలవారు లెక్కవ్రాయరు; చప్పట్లును రావు. కనుకనే గొప్ప యాటకత్తెలు సైతము దీనియందు తఱచు అలసత్వము చూపుదురు. బుట్టలో బంతి పడుట ఒక్కొక్కదినము మన చేతిలో నుండదు. వెనుకకు పరుగెత్తుట మాత్రము ప్రతిదినమును మన చేతిలోనిదే. కావున పిల్ల యెంత ప్రతిభావంతురాలైనను దీనిని నిర్దాక్షిణ్యముగా కోరవచ్చును. చిన్నది గదా యని మినహాయింపు నీయనక్కఱలేదు.

మీ కడప జిల్లాలోనే ఇందుకు చక్కని నిదర్శనము గలదు. వీరపునాయునిపల్లె మండలమందలి యెఱ్ఱమల్లె గ్రామపు బాలిక శ్రీచరణి పేరు మీరు వినియే యుందురు. ఆమె 2004లో జన్మించినది. చిన్ననాడు ఇతర క్రీడలలో పాల్గొని, తరువాత క్రికెట్టునకు వచ్చినది. తండ్రి మొదట సమ్మతింపలేదు. ఒప్పించుటకు సుమారొక సంవత్సరము పట్టినది. మొదట వేగముగా బంతి విసరెడిది. పిదప ఆ పద్ధతిని విడిచి, ఎడమచేత బంతిని త్రిప్పివేయు విద్యను నేర్చినది. నేర్చినదానిని విడిచి క్రొత్తదానిని మొదటినుండి నేర్చుటకు ఎంత యోర్పు కావలెనో, సంగీతమో కుట్టుపనియో అభ్యసించిన సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు. 2025 జూన్ 28వ తేదీన ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తన మొదటి ఇరువది ఓవర్ల అంతర్జాతీయ పోటీలో పండ్రెండు పరుగులు మాత్రమే యిచ్చి నలుగురిని ఔటు చేసినది. ఆ సంవత్సరమే జరిగిన ప్రపంచకప్పులో పదునాలుగు వికెట్లు తీసినది.

ఇక నాయకత్వపు సంగతి. ఆ ప్రపంచకప్పులో మన జట్టు నడుమ వరుసగా మూడు పోటీలు ఓడినది. వానిలో నొకటి అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమున ఆస్ట్రేలియాతో జరిగినది. మనవారు 330 పరుగులు చేసియు ఓడిరి. ఆనాడు శ్రీచరణి 41 పరుగులకు మూడు వికెట్లు తీసినది. అయినను గెలుపు దక్కలేదు. ఓటమికి జవాబు చెప్పవలసిన భారమును ఎవరు మోసిరి? ముప్పదియాఱేండ్ల నాయకురాలు హర్మన్‌ప్రీత్ కౌర్ మోసినది. ఇరువదియొక్క యేండ్ల శ్రీచరణిని అడిగినదొక్కటే: నీకిచ్చిన పది ఓవర్లను శ్రద్ధగా వేయుము. అక్టోబరు 30వ తేదీన నవీ ముంబయిలో అదే ఆస్ట్రేలియా 338 పరుగులు చేసిన దినమున శ్రీచరణి తన పది ఓవర్లలో 49 మాత్రమే యిచ్చినది. మనవారు గెలిచిరి. నవంబరు 2వ తేదీన దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మొట్టమొదటిసారి కప్పును తెచ్చిరి. పెద్దలు పెద్ద మూటను మోసిరి గనుకనే చిన్నది తన చిన్న మూటను జాఱవిడువక మోయగలిగినది.

చిన్నవయసువారు నాయకత్వమునకు పనికిరారని నా యభిప్రాయము కాదు. హైదరాబాదులో ఆట నేర్చిన మిథాలీ రాజ్ 1999లో పదునాఱవ యేట భారతదేశము తరఫున తన మొదటి పోటీలోనే శతకము చేసినది. అయినను ప్రపంచకప్పులో జట్టును నడపినది 2005లో, ఇరువదిరెండవ యేట. ఆ నడుమ ఆఱేండ్లు పెద్దల నీడలో నేర్చినది. ఆ సంవత్సరము తుదిపోటీలో మన జట్టు ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగుల తేడాతో ఓడినది. మరల 2017లో ఆమె నాయకత్వముననే తుదిపోటీకి చేరి, ఇంగ్లండు చేతిలో తొమ్మిది పరుగుల తేడాతో ఓడినది. రెండుమాఱులు చేతికందిన కప్పు జాఱిపోయినది. ఆమెను విఫలురాలని అనగలమా? 2025లో విశాఖపట్టణపు క్రీడాస్థలమున ఒక ప్రేక్షకశాలకు ఆమె పేరు పెట్టిరి; ఒక ద్వారమునకు ఆంధ్రజట్టు వికెట్‌కీపరు రావి కల్పన పేరు పెట్టిరి. నాయకురాలి విలువను కప్పులతోనే కొలువరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

షెఫాలీ వర్మ కథయు చూడుడు. 2023లో పందొమ్మిదేండ్ల లోపు బాలికల జట్టునకు నాయకురాలై ప్రపంచకప్పును గెలిపించినది. రెండేండ్లు తిరుగకమునుపే పెద్దల జట్టులో చోటు పోయినది. 2025 ప్రపంచకప్పునకు ఎన్నిక చేయబడనేలేదు. తోడి క్రీడాకారిణి గాయపడగా ఆకస్మికముగా పిలుపు వచ్చినది. తుదిపోటీలో 87 పరుగులు చేసి రెండు వికెట్లు తీసినది. నాయకత్వము ఒకరిచ్చునది, మరల తీసికొనునది. యత్నము మాత్రము మనదే. పిలుపు లేని దినములలోను దానిని విడువనందుననే పిలుపు వచ్చిన దినమున ఆమె సిద్ధముగా నున్నది.

ధనమును గుఱించి యొక మాట. 2022లో మన క్రికెట్టు బోర్డువారు స్త్రీలకును పురుషులతో సమానమైన పోటీరుసుము నిర్ణయించిరి. ఒకదినపు పోటీకి ఆఱు లక్షలు. మహిళల ప్రీమియర్ లీగులో శ్రీచరణిని ఢిల్లీ జట్టువారు మొదట 55 లక్షలకును, తరువాత వేలములో కోటి ముప్పది లక్షలకును తీసికొనిరి. ఇది సంతోషింపదగినదే. కాని ధర రెండింతలైనంతమాత్రమున పిల్ల వయసు రెండింతలు కాదు. సంపాదించుచున్నది గనుక ఇంటి బాధ్యతలన్నియు, ఊరి గౌరవమంతయు ఆమె మోయవలెననుట న్యాయము కాదు.

ఇక, అమ్మా, నీ కుమార్తె సంగతి. ఆట మాన్పింపవలదు. ఓడినదినమున భోజనమువద్ద ఆటప్రసంగము తేవలదు. మఱునాడు మాత్రము రెండు ప్రశ్నలడుగుము: "బంతి పోయినప్పుడెల్ల వెనుకకు పరుగెత్తితివా? తోడిపిల్ల తప్పు చేసినప్పుడు ఏమంటివి?" మొదటిదానికి లేదని చెప్పినచో గద్దింపుము, అది న్యాయమైన గద్దింపు. రెండవదానికి లేదా కసరితిననియో చెప్పినచో నెమ్మదిగా చెప్పుము; అది నేర్పవలసిన విద్య. "బంతి తన చేతనే యుంచుకొనును" అను నింద నిజమేమో ఆమెనే విచారించుకొననిమ్ము. పోటీ యేల ఓడితివని మాత్రము అడుగవలదు.

ఉపాధ్యాయులతో మాటాడి, నాయకురాలి భారమును ఇద్దఱికి పంచుమని కోరుము. ఆడుటకుముందు దేహమును వెచ్చపఱచు అభ్యాసములు చేయించుచున్నారో లేదో కనుగొనుము. ఎగిరి దుముకు నాటలలో మోకాటి లోపలి బంధనము తెగుట బాలురకంటె బాలికలకే హెచ్చు. రాగిసంకటి, ఆకుకూర, వేరుసెనగలు, బెల్లము కడుపునిండ పెట్టుము, నిద్ర తగ్గనీయకుము. ఇంటిపనినుండి పూర్తిగా తప్పింపవలదు. తన కంచమును తాను కడుగనిది, జట్టువారి నీళ్ళసీసాలు మోయుటకు సిగ్గుపడును. అట్టిదాని మాటను తోడివారు మన్నింపరు.

శ్రావణమాసపు శనివారములలో మీ మండలమందలి గండి వీరాంజనేయస్వామి తిరునాళ్ళకు పాపఘ్ని యొడ్డున జనము సాగుట నీవు చూచియే యుందువు. పిల్లలును నడతురు, వారి చేతికి నొక చిన్న మూట యిత్తురు, దానిని క్రింద పెట్టనీయరు. బియ్యపుమూట మాత్రము పెద్దల తలమీదనే యుండును. ఏండ్లు గడచిన కొలది ఆ మూట చేతులు మాఱును. నీ బిడ్డను అట్లే నడిపింపుము. వచ్చు పోటీకి ఆమెను పంపి, జరిగినది నాకు వ్రాయుము.