ఇల్లు ఆమె పేరున, కుర్చీ మన పేరున

గృహరుణాల రంగంలో ఉన్న మగవాళ్లం ఇన్నేళ్లుగా ఒకే పాట పాడుతున్నాం. "ఆడవాళ్లు ఈ లైన్లో నిలబడరండీ" అని. అది అబద్ధమని అన్నవాళ్లకీ తెలుసు, తలూపినవాళ్లకీ తెలుసు. వాళ్లకు నిలబడే చోటు లేకుండా చేసింది మనమే. బ్రాంచి మేనేజర్లం, క్రెడిట్ హెడ్‌లం, రీజనల్ మేనేజర్లం, ఇంటర్వ్యూలు చేసినవాళ్లం, ఏటా రేటింగులు వేసినవాళ్లం, పక్క సీట్లో కూర్చుని అన్నీ చూసి నోరు మెదపనివాళ్లం. తప్పు ఒక్కరిది కాకపోవడంతో ఎవరినీ ఎవరూ నిలదీయలేదు. కనీసం మనల్ని మనమైనా నిలదీసుకుందాం.

ఆడవాళ్ల విలువ మన వ్యాపారానికి తెలియక కాదు. మన హోర్డింగుల మీద కొత్తింటి తాళాలు పట్టుకుని నవ్వేది ఇల్లాలే. మహిళ పేరున రుణం తీసుకుంటే వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తామని ప్రకటనలు ఇచ్చుకున్నాం. 2015లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన, పేద కుటుంబాల ఇంటి హక్కులో మహిళ పేరు ఉండాలంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచడం మొదలుపెట్టిన ఇళ్ల పట్టాలు మహిళల పేరునే రాసింది. ఇవన్నీ మనకు ఖాతాదారులను తెచ్చిపెట్టాయి. ఇంటావిడ సంతకం ఉన్న ఫైలుకు ధీమా ఎక్కువని మనలో మనం చెప్పుకుంటూనే ఉంటాం.

సంతకం దగ్గర మన పట్టింపు ఇంకో మెట్టు ఎక్కువ. నాటి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. అది పుట్టుకతోనే వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే తాతల నాటి ఆస్తి తాకట్టుకు వస్తే మన ప్యానెల్ లాయరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఆడపిల్లలు ఎంతమంది? అందరూ సంతకాలు పెట్టారా?" ఒక్క కూతురి సంతకం తప్పినా టైటిల్ క్లియర్ కాదని ఫైలు వెనక్కి పంపేస్తాం. అదే మన శాంక్షన్ కమిటీలో ఒక్క ఆడమనిషి సంతకం లేకపోయినా ఎవరికీ ఏ లోపమూ కనపడలేదు.

మన బ్రాంచీల్లో ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఎక్కడ కూర్చోబెట్టామన్నదే ప్రశ్న. తలుపు తీయగానే ఎదురయ్యే హెల్ప్ డెస్కులో. వడ్డీ సర్టిఫికెట్లు ఇచ్చే కౌంటర్లో. ఫైళ్లు స్కాన్ చేసే ఆపరేషన్స్‌లో. రుణాలు తెచ్చిపెట్టే డీఎస్ఏ ఏజెంట్ల దగ్గర కంపెనీ రోల్స్‌లో కూడా లేకుండా, పొద్దస్తమానం "సార్, హోమ్ లోన్ కావాలా" అని అడిగే టెలీకాలింగ్ సీట్లలో. ఈ పనులు తక్కువవి కావు. కానీ పదోన్నతి మెట్లు అటువైపు లేవు. ఫైలు లాగిన్ అయ్యాక ఫీల్డ్ ఎంక్వైరీ, లీగల్ ఒపీనియన్, టెక్నికల్ వాల్యుయేషన్, దరఖాస్తుదారుతో ముఖాముఖి, శాంక్షన్, తాకట్టు పత్రం (ఎంఓడీ) రిజిస్ట్రేషన్, చెక్కు. రేపు రీజియన్‌ను నడిపేవాడు ఈ దారిలోంచే వస్తాడు. ఎంత మొత్తం వరకు సొంతంగా మంజూరు చేయగలవన్నదే ఇక్కడ మనిషికి కొలత. ఆ దారి మొదట్లోనే ఆడవాళ్లను పక్కకు తప్పించి, దానికి మెచ్చుకోలు ముసుగు వేశాం. "మేడమ్‌కి ఓపిక ఎక్కువ, కస్టమర్లతో బాగా మాట్లాడతారు" అన్నాం. ఓపిక ఎక్కువని పొగిడి కౌంటర్లో కూర్చోబెట్టడం, క్రెడిట్ అనుభవం లేదని చెప్పి ప్రమోషన్ ఆపడం, రెండూ చేసింది మనమే.

ఇక మన సాకులు. కలెక్షన్స్‌లో ఆడవాళ్లకు కుదరదు, రాత్రిపూట ఇళ్లకు వెళ్లాలి అన్నాం. బకాయిల కోసం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయొద్దని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు గృహరుణ సంస్థలకు కూడా స్పష్టంగా రాసింది. ఫోనే చేయకూడని వేళ గడప తొక్కాల్సిన అవసరం మనకేమిటి? ఆడవాళ్లను వద్దనడానికి మనం చూపిన కారణం, నిజానికి మన పద్ధతి మీద మనమే ఇచ్చుకున్న వాంగ్మూలం.

నెలాఖరు రాత్రుల సంగతీ అంతే. ముప్ఫయ్యో తారీఖు రాత్రి పదకొండింటి దాకా డిస్బర్స్‌మెంట్లు చేయడం మనకు మగతనపు గుర్తు అయిపోయింది. మొదటి ఇరవై రోజులు ఫైలు మన టేబుళ్ల మీదే ఎందుకు నిద్రపోయిందని ఎవరూ అడగరు. ఆరున్నరకు బ్యాగు సర్దుకుని, పిల్లాడి కోసం బయల్దేరిన అమ్మాయికి మాత్రం "కమిట్‌మెంట్ లేదు" అని రాశాం. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి ఆమె తేల్చిన క్వెరీలు ఎన్నో చూడలేదు.

బిల్డర్ల పరిచయాలు ఇంకో సాకు. ప్రాజెక్టు అప్రూవల్ సంబంధాలు మనం ఆఫీసు వేళల్లో పెంచుకోలేదు. సాయంత్రం విందుల్లో, మందు గ్లాసుల దగ్గర పెంచుకున్నాం. ఆ విందులకు ఆడవాళ్లను పిలవలేదు, పిలిచినా వాళ్లు రాలేని తీరులో నడిపాం. ఆనక "ఆమెకు మార్కెట్లో నెట్‌వర్క్ లేదు" అని తేల్చాం. చిన్న ఊళ్లలో షాపుల పైన అద్దెకు తీసుకున్న మన బ్రాంచీల్లో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉందో లేదో చూసుకోకుండానే అగ్రిమెంట్ల మీద సంతకాలు చేశాం. సైటు విజిట్‌కు రోజంతా తిరిగే టెక్నికల్ ఆఫీసరుగా అమ్మాయి ఎందుకు రాదని మళ్లీ మనమే ఆశ్చర్యపోయాం.

ప్రసూతి సెలవు దగ్గర మనం చేసింది ఇంకా చిన్నతనం. 2017 సవరణతో సెలవు 26 వారాలైంది. సెలవు ఇచ్చాం, చట్టం కాబట్టి. ఏడాది టార్గెట్ మాత్రం తగ్గించలేదు. అర్ధ సంవత్సరం పనికి పూర్తి సంవత్సరం కొలబద్ద పెట్టి, "యావరేజ్" అని రేటింగ్ వేసి, ఆ రేటింగ్ చూపించి మరుసటి ఏడాది ప్రమోషన్ లిస్టులోంచి పేరు తీసేశాం. యాభై మంది లేదా అంతకు మించి ఉన్న చోట శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని అదే సవరణ చెప్పింది. మన బ్రాంచిలో పది పదిహేను మందే ఉంటారు కాబట్టి మనకు వర్తించదని ఊరుకున్నాం. ఒకే వీధిలో నాలుగు సంస్థల బ్రాంచీలున్న చోటైనా కలిసి ఒకటి నడపొచ్చన్న ఆలోచన మన మీటింగుల్లో ఎప్పుడూ అజెండాకు ఎక్కలేదు.

మన వృత్తి మనకు నేర్పిన ఓపిక చిన్నది కాదు. లింక్ డాక్యుమెంట్లలో పదేళ్ల ఖాళీ ఉంటే ఫైలును చెత్తబుట్టలో వేయం. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయిస్తాం, సర్టిఫైడ్ కాపీ పెట్టిస్తాం, అఫిడవిట్ రాయిస్తాం, ఏదో విధంగా గొలుసు కలుపుతాం. బిడ్డ కోసమో అత్తగారి జబ్బు కోసమో రెండేళ్లు ఉద్యోగం మానిన అమ్మాయి బయోడేటాలోని ఖాళీని చూసి మాత్రం కాగితం తిప్పేశాం. స్థలానికి చూపిన ఓపికలో పదో వంతు మనిషికి చూపలేదు.

బదిలీల విషయంలో అడగను కూడా అడగలేదు. బ్రాంచి హెడ్ కావాలంటే ఊరు మారాలి. ఆ ఖాళీ వచ్చినప్పుడు ఆమెను పిలిచి అడిగినవాళ్లెందరు? "పిల్లలు చదువుకుంటున్నారు, వాళ్లాయన ఒప్పుకోడులే" అని మనమే అనేసుకుని, ఆమె వద్దందని లిస్టులో రాసేశాం. అడిగితే వెళ్లేదో లేదో ఆమె ఇష్టం. ఆ ఇష్టాన్ని ఆమె నోట రానివ్వకపోవడం మన నేరం.

ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి మనకు ఒక పేరుంది. రేణు సూద్ కర్నాడ్. 1978లో, రిటైల్ గృహరుణం అన్నదే దేశానికి కొత్తగా ఉన్న రోజుల్లో, హెచ్‌డీఎఫ్‌సీలో లీగల్ ఆఫీసరుగా చేరారు. 2010లో మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు, 2023 జులైలో ఆ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమయ్యేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. చూశారా, ప్రతిభ ఉంటే ఎవరు ఆపగలరు అని మనం ఆమెను ఉదాహరణగా వాడుకున్నాం. ఆ జీవితంలోంచి నేర్చుకోవాల్సింది మరొకటి: ఆమె ప్రవేశం కౌంటర్లో కాదు, లీగల్‌లో. అంటే నిర్ణయం జరిగే చోట. ఆ చోటు మనం ఎంతమందికి ఇచ్చాం? 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంది. ఒకరిని పెట్టాం. బోర్డు గదిలో చట్టం అడిగిన లెక్క సరిపోయింది. చట్టం అడగని బ్రాంచిల్లో మనం అడగాలనుకోలేదు.

ఈ తప్పుకు మూల్యం మన ఉద్యోగినులు మాత్రమే కట్టలేదు. దరఖాస్తుదారులతో ముఖాముఖి ఎలా జరుగుతుందో మనకు తెలుసు. టైలరింగ్ చేసే ఆవిడను "నెలకు ఎంత వస్తుందమ్మా" అని అడుగుతాం. పక్కనున్న భర్త జవాబు చెబుతాడు. అదే రాసుకుంటాం. ఆమె సంపాదన తక్కువగానే లెక్కలోకి వస్తుంది, సహరుణగ్రహీతగా సంతకం మాత్రం పూర్తిగా పడుతుంది. వాయిదాలు తప్పాక సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఆమె పేరున కూడా వెళుతుంది. అప్పు ఎంతో, వడ్డీ మారితే కాలపరిమితి ఎలా పెరుగుతుందో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. టేబుల్‌కు ఇవతల ఇంకో ఆడమనిషి కూర్చుని ఉంటే అన్నీ చక్కబడేవని అనను. కానీ "మీరు చెప్పండమ్మా" అని ఆమె వైపు తిరిగి అడిగే అలవాటు మన ఆఫీసులకు ఎప్పుడో వచ్చేది.

పశ్చాత్తాపంతో పని జరగదు. చేయాల్సినవి పెద్దవేమీ కావు, కొత్త చట్టం అక్కర్లేదు, బోర్డు తీర్మానం దాకా కూడా పోనక్కర్లేదు. ఏ రీజియన్లో ఎంతమంది మహిళలకు సొంత శాంక్షన్ పవర్ ఉందో ప్రతి మార్చిలో గోడ మీద అంటించండి. ప్రసూతి సెలవు తీసుకున్న ఏడాదికి టార్గెట్‌ను పనిచేసిన నెలలకే లెక్కగట్టండి, లేదా ముందటేడు రేటింగ్‌నే కొనసాగించండి. బ్రాంచి హెడ్ పోస్టు ఖాళీ అయితే అర్హత ఉన్న ప్రతి మహిళనూ పిలిచి అడిగి, ఆమె జవాబును ఆమె చేతే రాయించండి. కొత్తగా చేరిన అమ్మాయిలను మొదటి రెండేళ్లలోనే క్రెడిట్‌కో టెక్నికల్‌కో పంపండి. కలెక్షన్స్‌ను రాత్రి ఏడులోపు ముగించండి, అది మనకు ఎలాగూ నియమమే.

ఆడవాళ్లు ఈ రంగంలో వెనకబడ్డారని ఇకమీదట ఏ నివేదికలోనూ రాయకండి. వెనక ఉంచినవాళ్లం మనం. ఈ ఏడాది అప్రైజల్ ఫారంలో "కమిట్‌మెంట్ లేదు" అని రాయబోయే ముందు, ఆ గడి ఎవరి పేరుకు ఎదురుగా ఉండాలో ఒక్కసారి చూసుకోండి.