పిల్లవాడి వెంట నడిచే డబ్బు

"డబ్బు బడిది కాదు, పిల్లవాడిది, పిల్లవాడు ఎటు పోతే డబ్బూ అటే పోవాలి" అని అమెరికాలో చార్టరు స్కూళ్ళను సమర్థించేవారి వాదం. వినటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. మనలోనూ ఈ మాటను మెచ్చుకునేవాళ్ళు బయలుదేరారు గనుక, అది అమలైనచోట ఏం జరిగిందో చూడటం అవసరమని నా ఉద్దేశం.

పెన్సిల్వేనియా రాష్ట్రాన్ని తీసుకుందాం. అక్కడ చార్టరు స్కూళ్ళ చట్టం 1997లో వచ్చింది. ఇంటివద్ద కూచుని కంప్యూటరు ద్వారా చదివే సైబర్ చార్టరు బడులకు 2002లో విడిగా నిబంధనలు చేశారు. ఈ బడులకు అనుమతి ఇచ్చేది రాష్ట్ర విద్యాశాఖ. డబ్బు చెల్లించేది మాత్రం పిల్లవాడు కాపురముండే స్కూలు డిస్ట్రిక్టు. అటువంటి డిస్ట్రిక్టులు 500 ఉన్నాయి. వాటి ఆదాయంలో పెద్ద భాగం ఇళ్ళమీదా స్థలాలమీదా వేసే పన్ను. సొమ్మొకరిది, సోకొకరిది.

ఎంత చెల్లించాలి? ఒక పిల్లవాణ్ణి చదివించటానికి సైబర్ బడికి ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నే చట్టం వెయ్యదు. డిస్ట్రిక్టు తన బడుల్లో తలకు ఎంత ఖర్చు పెడుతున్నదో లెక్కగట్టి, కొన్ని పద్దులు మినహాయించి, మిగిలింది ఇమ్మంటుంది. అదే పాఠం, అదే తెర; డిస్ట్రిక్టుకొక ధర! భవనాల నిర్వహణ ఖర్చుకూడా ఏళ్ళ తరబడి ఈ లెక్కలో కలిసే ఉండేది. డిస్ట్రిక్టు చెల్లించకపోతే రాష్ట్రప్రభుత్వం దాని గ్రాంటులోంచి కోసి ఇస్తుంది. ఈ ఖర్చులో కొంత డిస్ట్రిక్టులకు తిరిగి ఇచ్చే పద్ధతిని 2011లో ఎత్తివేశారు.

"పిల్లవాడు పోయాక వాడి ఖర్చూ పోయినట్టేగదా" అంటారు. ఇది చిల్లరకొట్టు లెక్క. ఇరవైమంది పోయారనుకోండి. అందరూ ఒకే తరగతినుంచి పోరు. ఒకటో తరగతిలో ఇద్దరు, అయిదులో ఒకడు, పదిలో ముగ్గురు. ఏ పంతుల్నీ తీసివెయ్యటానికి లేదు, ఏ బస్సునూ ఆపటానికి లేదు, చలికాలంలో గది వెచ్చబెట్టటం మానటానికి లేదు. ఖర్చు ఎక్కడిదక్కడే ఉంది, డబ్బు మాత్రం పోయింది. ఇక పన్ను పెంచాలి, లేదా సంగీతం పంతుల్నో గ్రంథాలయాన్నో వదులుకోవాలి. అంతవరకూ తల్లిదండ్రులవద్దే చదువుకుంటున్న పిల్లవాడు సైబర్ బడిలో చేరితే మరీ వింత: డిస్ట్రిక్టుకు తగ్గే ఖర్చు ఒక్క సెంటుకూడా లేదు, బిల్లు మాత్రం కొత్తగా వస్తుంది.

ఆ డబ్బంతా ఏమయింది? రాష్ట్ర ఆడిటర్ జనరల్ టిమొతీ డీఫోర్ అయిదు సైబర్ బడుల లెక్కలు చూసి 2025 ఫిబ్రవరిలో నివేదిక వెలువరించారు. 2020–2023 మధ్య వాటి ఆదాయం 42.5 కోట్ల డాలర్లు పెరిగింది. నిల్వలు 144 శాతం పెరిగాయి. వాటిలో ఒక బడి 21 భవనాలను కొనటానికీ బాగుచేయించటానికీ 19.6 కోట్ల డాలర్లు వెచ్చించింది. తెరమీద నడిచే బడికి ఇన్ని భవనాలు! చట్టాన్ని అతిక్రమించకుండానే ఇది సాధ్యమయింది. అందుకే నా అభ్యంతరం ముఖ్యంగా చట్టంమీదనే.

జబ్బుపడిన పిల్లలకు, బడిలో వేధింపులకు తాళలేని పిల్లలకు ఇటువంటి చదువు అవసరం. కాదనను. దానికయ్యే ఖర్చు ఇవ్వండి. మన 2009 విద్యాహక్కు చట్టంలో లోపాలు చాలా ఉన్నాయి. అయినా ప్రైవేటు బడికి ప్రభుత్వం తిరిగి చెల్లించేటప్పుడు తన తలసరి ఖర్చు, ఆ బడి ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇవ్వాలన్నది. ఈపాటి జాగ్రత్త పెన్సిల్వేనియా శాసనకర్తలకు తట్టలేదు కాబోలు.

2024లో ప్రత్యేక విద్య అవసరమైన పిల్లల రేటును, 2025 నవంబరులో మామూలు రేటును కొంత తగ్గించారు. మంచిదే. కాని తగ్గింది మొత్తమేగాని కొలత మారలేదు. సైబర్ బడికి ఇవ్వవలసినదాన్ని ఇప్పటికీ డిస్ట్రిక్టు ఖర్చుతోనే కొలుస్తున్నారు.