పాత రౌటర్ గడువు చూడండి

సెకండ్ హ్యాండ్ సరుకంటే మన సిరిసిల్లకు చిన్నచూపు లేదు. భివండిలో వాడిన సాంచాలు తెచ్చుకొని, మరమ్మతు చేయించి ఏళ్ల తరబడి నడిపిన ఊరు ఇది. కాబట్టి పెద్ద కంపెనీలు తీసేసిన రౌటర్లు చవకగా వస్తే ఆసుపత్రులు కొనడం తప్పని మేము అనము. కానీ మందు సీసా కొనేటప్పుడు గడువు తేదీ చూస్తాము కదా, దీనికీ అంతే.

సిస్కో 2911నే తీసుకోండి. దాని అమ్మకం 2017 డిసెంబరులో ఆగింది, కంపెనీ మద్దతు 2022 డిసెంబరు 31తో ముగిసింది. పెట్టె ఇప్పటికీ చక్కగానే పనిచేయవచ్చు. అయితే కొత్తగా బయటపడే భద్రతా లోపాన్ని సరిచేసే అప్‌డేట్ ఇక రాదు. సాంచాకైతే ఊళ్లోనే మెకానిక్ దొరుకుతాడు, దీనికి దొరకడు.

రోగుల పరీక్షల ఫలితాలు వెళ్లేది ఆ పెట్టె గుండానే. ఎవరికి క్షయ, ఎవరికి హెచ్.ఐ.వి. అన్నది బయటికి పొక్కితే, ఒకరికొకరు తెలిసిన ఊళ్లో ఆ కుటుంబం గతేమిటి? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపైనే దాడి జరిగి, రోజుల తరబడి పనులు కాగితాల మీద నడిచాయి.

మద్దతు ఇంకా మూడు నాలుగేళ్లున్న పాత రౌటరైతే కొనండి, గట్టిగా బేరమాడండి. పాత యజమాని సెట్టింగులు పూర్తిగా తుడిపించాకే కలపండి. గడువు దాటినది ఎవరైనా ఉచితంగా ఇచ్చినా, పిల్లలకు పని నేర్పడానికే ఉంచండి.