ఈసారి మొదటి పంక్తి మనది!

"పండగ ఎవరికి?" అని ఎవరైనా అడిగితే పిల్లలకు అంటాం, ఇంటికొచ్చిన అల్లుడికి అంటాం, పెద్దవాళ్ళకు అంటాం. "మరి నీకో?" అంటే నవ్వేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతాం. అవునా, కాదా? ముప్ఫయ్యేళ్ళుగా నేనూ అంతే. 2025 ఉగాది దాకా.

ఆ ఏడు ఉగాది మార్చి 30న వచ్చింది. శనివారం అమావాస్య, ఆదివారం పండగ, సోమవారం రంజాన్. మూడు రోజులూ వరసగా కలిసొచ్చాయి. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలందరూ ఊరికి బయల్దేరారు. మాది మడకశిర. మూడువైపులా కర్ణాటకే. 2022లో జిల్లాలు మారినప్పుడు అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాంగానీ, మా మాటలోనూ వంటలోనూ రెండు రాష్ట్రాల రుచులు ఎప్పుడూ కలిసే ఉంటాయి. మీరు బొబ్బట్లు, భక్ష్యాలు అంటారే, అవి మాకు ఓళిగలు. ఓళిగలు చేసి, ఆ బేడల కట్టుతో చారు కాచకపోతే మా అత్తగారి లెక్కలో అసలు పండగే రానట్టు.

అలాంటి ఇంట్లో శుక్రవారం రాత్రి ఫోను మోగింది. కోడలు. "అత్తా, ఈసారి ఓళిగలు మీరు చేయొద్దు. వస్తూ వస్తూ అంగట్లో మేమే తెచ్చేస్తాం" అంది.

మనసు చివుక్కుమంది. నా చేతి ఓళిగ అంత చేదైపోయిందా? రాత్రంతా నిద్ర లేదు. మా వారికి చెబితే, "పోనీలే, నీకూ పని తప్పుతుంది కదా" అని అటు తిరిగి పడుకున్నారు. మగవాళ్ళకు ఇవేం అర్థమవుతాయి చెప్పండి!

శనివారం పొద్దున ఆ దిగులుతోనే చింతపండు ముందు కూర్చున్నాను. వసంతం అంటే అందరికీ కోయిల, మామిడి పిందె. మాకు వేపపూత, కానుగ చిగురు, చింతపండు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడితేనే అనుకునే నేల మాది. మార్చికి వేరుశనగ చేలన్నీ ఖాళీగా ఉంటాయి. అప్పుడు చింతకాయ చేతికొస్తుంది. అమ్మేది హిందూపురం మార్కెట్టుకు పోతుంది. ఇంటికి కావలసింది మా వీధి ఆడవాళ్ళం ఎవరో ఒకరి అరుగు మీద చేరి, పెంకు వొలిచి, గింజ కొట్టి, ఈనెలు తీసి, ఉప్పు కలిపి జాడీల కెత్తుకుంటాం. ఈ రోజు మా ఇంటిది, రేపు పక్కింటిది. ఎవరి పని అని ఎవరూ లెక్కపెట్టుకోరు.

ఎదురింటి బూబమ్మక్క రోజా ఉండి కూడా వచ్చి కూర్చుంది. "చింతపండు ముందు కూర్చుంటే నోరూరదా అక్కా?" అని అందరూ ఆటపట్టిస్తుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. నా మొహం చూసి ఆవిడ మెల్లగా సంగతంతా లాగింది. విని, "పిచ్చిదానా, నీ కోడలు ఓళిగ వద్దనలేదు. నువ్వు మళ్ళీ పడొద్దంటాంది" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, అంతకు ముందటి ఉగాది. 2024 ఏప్రిల్ 9. పొద్దున్నే షుగరు మాత్ర వేసుకున్నాను. నైవేద్యం కాకుండా ఎట్లా తినేది అని టిఫిను మానేశాను. నైవేద్యం అయ్యాక పెద్దవాళ్ళకు వడ్డన, తర్వాత పిల్లలకు, తర్వాత వచ్చినవాళ్ళకు. పెనం ముందు నిలబడి ఓళిగ మీద ఓళిగ కాలుస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. అక్కడే కూలబడ్డాను. స్పృహ ఉంది కాబట్టి సరిపోయింది. పరుగెత్తుకొచ్చి చక్కెర నీళ్ళు తాగించింది ఈ కోడలే. మాత్ర వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర పడిపోతుందని, అది ప్రాణం మీదికి కూడా రావచ్చని డాక్టరుగారు చీవాట్లు పెట్టారు. నేను మర్చిపోయాను. ఆ పిల్ల మర్చిపోలేదు.

"నా ఉపవాసానికి ఒక లెక్కుంది. తెల్లారకముందే తింటాను, పొద్దు గూకగానే విడుస్తాను. నీ ఉపవాసానికి లెక్కేదీ?" అంది బూబమ్మక్క. నిజమే కదా! ఏ దేవుడూ అడగని ఉపవాసం. పుణ్యమూ లేదు, పురుషార్థమూ లేదు.

మా అత్తగారు అరుగు చివర కూర్చుని అన్నీ వింటున్నారు. "మా కాలంలో నాలుగిండ్ల పూర్ణం ఒక్క రోట్లోనే రుబ్బేవాళ్ళం. ఈ మిక్సీలు వచ్చినాక ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకోని చస్తాండారు" అన్నారు. ఆ ఒక్క మాటతో మాకు దారి దొరికింది. చింతపండుకు చేరినట్టే ఓళిగలకూ చేరితే పోలా?

సాయంత్రానికి నాలుగిళ్ళ కందిబేడలు మా పెరట్లో ఉడికాయి. కొలత మీకూ చెబుతాను. కిలో బేడలకు కిలో బెల్లం. బేడ మెత్తబడాలి గానీ చిదిమిపోకూడదు. కట్టు వంచి చారుకు దాచుకోవాలి. బేడల్లో బెల్లం వేసి, నీరంతా ఇగిరిపోయాక, ఏలకులు చేర్చి రుబ్బుకోవాలి. పైపిండికి మైదాలో చిరోటి రవ్వ, చిటికెడు పసుపు కలిపి, మెత్తగా తడిపి, నూనెలో మూడు గంటలు నాననివ్వాలి. చారుకు ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిరప, ఎండుకొబ్బరి వేయించి, గుప్పెడు పూర్ణంతో కలిపి నూరి, చింతపండు రసంతో పాటు కట్టులో వేసి మరిగించి తాళింపు పెట్టండి. మర్నాటికి ఇంకా రుచి.

కట్టు వంచింది మా అబ్బాయి. గ్రైండరు దగ్గర కూర్చుంది మా వారు! బెంగళూరు నుంచి దిగీ దిగగానే కోడలు ఆ దృశ్యం చూసి నోరు తెరిచింది. తనూ ఒక షరతు పెట్టింది. "రేపు మొదటి పంక్తి ఆడవాళ్ళది. కాదంటే నేను అంగడి ఓళిగలే తింటా."

ఆదివారం తలంట్లు అయ్యాయి. వేపపువ్వు, బెల్లం నోట్లో వేసుకున్నాం. నైవేద్యం కాగానే విస్తళ్ళు వేశారు. అందరికంటే ముందు కూర్చోవడమంటే నాకు కాళ్ళాడలేదంటే నమ్మండి. ఎవరైనా ఏమైనా అంటారేమోనని అత్తగారి వైపు చూశాను. "దేవుడు తిన్నాడు కదా. ఇంకెవురి కోసరం చూస్తావు, తిను" అన్నారావిడ. మా వారు నెయ్యి విస్తరిలో సగం, నేల మీద సగం వడ్డించారు. షుగరు మనిషిని కాబట్టి ఒక్క ఓళిగతో ఆపేశాను. కానీ వేడివేడిగా, కూర్చుని, ఎవరో వడ్డిస్తే తిన్న ఓళిగ! దాని రుచి నాకు పెళ్ళయ్యాక అదే మొదటిసారి తెలిసింది.

బూబమ్మక్కకు ఆ రోజూ రోజానే కదా. ఆవిడ ఓళిగలు మూతపెట్టి పక్కనుంచాం. పొద్దు గూకాక అందరం మిద్దెక్కాం. ఉగాది సాయంత్రం నెలవంకను చూసి పెద్దలకు దండం పెట్టుకోవడం మా వైపు ఆచారం. ఎదురు మిద్దె మీద వాళ్ళూ ఆకాశంలోకే చూస్తున్నారు. సన్నటి గీతలా కనిపించాడు చంద్రుడు. మాకు కొత్త సంవత్సరం, వాళ్ళకు రంజాన్. పిల్లలంతా రెండు మిద్దెల మీంచీ ఒక్కసారే కేకలు! అప్పుడు వెళ్ళింది ఓళిగల గిన్నె. సోమవారం పొద్దున్నే అదే గిన్నె సేమియా పాయసంతో తిరిగొచ్చింది. ఖాళీ గిన్నె పంపకూడదు కదా మరి.

వచ్చే పండగకు మీరూ ఒక పని చేయండి. పక్కింటి తలుపు తట్టండి. పూర్ణం ఒక్కచోట రుబ్బుకోండి. ఇంట్లో మగవాళ్ళ చేతికి ఓ గరిటె ఇవ్వండి. మాత్ర వేసుకునే వాళ్ళయితే వేళకు తినండి. దేవుడు ఏమీ అనుకోడు, నాదీ పూచీ.

సోమవారం సాయంత్రం బయల్దేరేటప్పుడు కోడలు ఖాళీ డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "చారు పోయత్తా. ఇది ఏ అంగట్లోనూ దొరకదు" అంది.